విసుగు గది

కంపెనీలో నా పని బిస్కెట్లను ముసలివాటిని చేయడం. పెళ్ళిచూపుల్లో కూడా ఇదే మాట చెప్పాను. మృదుల తల వంచుకుని నవ్వింది. వాళ్ళ నాన్న మాత్రం నా గురించి ఇంకో నలుగురిని వాకబు చేసి వచ్చాడు.

సంగతి చాలా చిన్నది. ప్యాకెట్ మీద 'ఆరు నెలల లోపు వాడండి' అని అచ్చు వేయాలంటే ఎవరో ఒకరు ఆరు నెలలు ఆగి, ప్యాకెట్ విప్పి, కొరికి చూడాలి. ఏ కంపెనీకీ అంత ఓపిక ఉండదు. అందుకని నలభై డిగ్రీల వేడీ, ఒళ్ళంతా జిడ్డు కారే తేమా నింపిన ఒక గదిలో ప్యాకెట్లు పెట్టి తలుపు వేస్తాం. అందులో మూడు వారాలు గడిస్తే కిరాణా కొట్టు అరలో ఆరు నెలలు గడిచినట్టు లెక్క. దాన్ని వేడి గది అంటాం. కోకిల బిస్కెట్ల వారి వేడి గదికి పదమూడేళ్ళుగా నేనే అధిపతిని. నా పేరు మురహరి.

కోకిల డెబ్బై ఏళ్ళ కంపెనీ. జ్వరం వచ్చినవాళ్ళకి పాలల్లో ముంచి పెట్టే బిస్కెట్టుగా మొదలై రైలు ప్రయాణాలకీ, ఆఫీసు టీలకీ, పెళ్ళి విడిదిళ్ళకీ పాకింది. అరవై ఏళ్ళ పాటు ఒక కోకిల బొమ్మ, ఒక పాట, ఒక రుచి సరిపోయాయి. ఆ తర్వాతి పదేళ్ళలో పదిహేడు సార్లు కవరు మార్చారు. కోకిలను సన్నబరిచారు. ఒక ఏడాది దానికి కళ్ళజోడు కూడా పెట్టారు. అయినా జనం కొనడం తగ్గుతూనే వచ్చింది.

ఈ తలనొప్పి అంతా మార్కెటింగ్ చూసే మంజీర గారిది. యాభై దాటిన మనిషి, గొంతు పెంచరు, ఎదుటివాళ్ళు చెప్పేది చివరిదాకా వింటారు. సర్వేల్లో జనం నిజం చెప్పరని ఆవిడ బాధ. అడిగితే రాగులు కావాలంటారు, కొట్టుకెళ్ళి క్రీము బిస్కెట్టు కొంటారు. తీరా నిజంగానే రాగులు కొనడం మొదలుపెట్టేసరికి మేం రాగి బిస్కెట్టు ఆపేసి ఉంటాం. చక్కెర తక్కువ అన్నప్పుడూ అంతే, పాతకాలపు రుచి అన్నప్పుడూ అంతే. మేం స్టేషన్‌కి చేరేసరికి బండి వెళ్ళిపోయి ఉంటుంది.

ఒకరోజు సమావేశం అయ్యాక ఆవిడ నన్ను ఉండమన్నారు. "మురహరీ, బిస్కెట్టు ఎప్పుడు మెత్తబడుతుందో నువ్వు ముందే చెబుతావు. జనానికి ఎప్పుడు విసుగొస్తుందో చెప్పలేవా?"

నవ్వుతాననుకున్నాను గానీ నవ్వలేదు. ఆ ప్రశ్న నాకు అంతకుముందే రావలసింది అనిపించింది.

నాతో పాటు కంపెనీలో చేరిన నసీర్ రసాయన శాస్త్రం చదివినవాడు, మెదడు గురించి కూడా చాలా చదివాడు. ఇద్దరం కలిసి ఏడాదిన్నర కష్టపడి చెవి తమ్మెకి తగిలించే ఒక క్లిప్పు తయారుచేశాం. ఒక రుచి గానీ, పాట గానీ, ముఖం గానీ ఎదురైనప్పుడు మెదడులో చిన్న ఉలికిపాటు పుడుతుంది. రెండోసారి అదే ఎదురైతే కాస్త తగ్గుతుంది. వందోసారికి దాదాపు ఉండదు. తనకి విసుగొచ్చిందని మనిషికి తెలిసేది ఆ తర్వాత ఎప్పుడో. మా క్లిప్పు ఆ ఉలికిపాటుని పట్టుకుని తెరమీద గీతలా గీస్తుంది. గీత ఎత్తు తగ్గుతోందంటే ఆ సరుకుకి రోజులు దగ్గరపడ్డట్టే.

రెండువందల మందికి పెట్టి చూశాం. కంపెనీ ఉద్యోగుల ఇళ్ళలోవాళ్ళని కూడా పిలిచాం. దాదాపు అందరికీ ఊరందరితో పాటే విసుగొచ్చింది, అది మాకు పనికిరాదు. ముగ్గురికి మాత్రం ఊరికంటే ఎనిమిది తొమ్మిది నెలల ముందు వచ్చింది. ఆ మూడో మనిషి మా ఆవిడ.

నాకు పెద్ద ఆశ్చర్యం కలగలేదు. మృదుల ఒక సీరియల్ చూడటం మానేసిందంటే ఏడాది తిరక్కుండా ఛానెల్ వాళ్ళు దాన్ని ముగించేవాళ్ళు. మా వీధిలో అందరూ గోడలకి బూడిద రంగు వేయించుకునే వేళకి మేం దాన్ని చెరిపించి తెల్లరంగు వేయించేశాం. తను కాలేజీలో పాఠాలు చెప్పేది, మా పాప తన్వి పుట్టాక మానేసి ఇంట్లో ఉంటోంది. తన విసుగుకి ఇంత విలువ ఉందని తెలిశాక నన్ను వారం రోజులు ఆడుకుంది. వంకాయ కూర వద్దన్నప్పుడల్లా కంపెనీకి కబురు పెట్టమనేది.

ఎనిమిది నెలలు ముందుగా తెలియడం మంచిదే. కానీ అది తెలిసేందుకే మూడు నాలుగు నెలలు పట్టేది. రోజూ బిస్కెట్టు తినాలి, రోజూ ప్రకటన చూడాలి, గీత మెల్లగా దిగాలి. మంజీర గారు ఇంకా త్వరగా కావాలన్నారు. అప్పుడు నాకు వేడి గది గుర్తొచ్చింది. బిస్కెట్టుకి వేడి పెడితే కాలం తొందరగా గడుస్తుంది. మనిషి లోపలి కాలాన్ని తొందరపెట్టాలంటే ఏం పెట్టాలి? నసీర్ నాలుగు నెలల్లో ముక్కులో వేసే చుక్కల మందు చేశాడు. అది వేసుకున్న రెండు గంటల పాటు, ఒక్కసారి ఎదురైనదాన్ని మెదడు ముప్పై సార్లు ఎదురైనట్టు రాసుకుంటుంది. ముందు తన మీదే ప్రయోగించుకున్నాడు. ఎంతో ఇష్టపడే ఒక పాత పాట ఒక పూటలో తనకి చప్పబడిపోయిందని నవ్వుతూ చెప్పాడు. డాక్టర్లు రక్తం పరీక్షించి ఏ హానీ లేదని సంతకం పెట్టారు. రక్తంలో నిజంగానే ఏ హానీ లేదు.

మృదుల ఒప్పుకుంది. మే నెల, ప్లేస్కూలుకి సెలవులు. పిల్లని ఎవరి దగ్గరా వదలననీ, తనతో పాటే పరీక్ష గదిలో కూర్చోబెట్టుకుంటాననీ అంది. తన్వికి అప్పుడు ఐదేళ్ళు. నేను సరేనన్నాను.

ఆ గదిని నేనే కట్టించాను. గోడల మీద ఏమీ లేదు, కిటికీ లేదు, ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక తెర. ఇంకేదైనా ఉంటే దాని మీద కూడా విసుగు పుట్టి లెక్క చెడుతుందని క్యాలెండర్ కూడా తీయించేశాను. అంత జాగ్రత్తపడ్డవాణ్ణి, మూలలో చాప పరిచి, రంగు పెన్సిళ్ళు ఇచ్చి, నా కూతుర్ని కూర్చోబెట్టాను. వేడి గదిలో పెడితే ప్యాకెట్లే కాదు, అందులో ఉన్నవన్నీ ముసలివవుతాయి. తలుపు చుట్టూ ఉండి ఆ వేడికి చీలిపోయే రబ్బరు పట్టీని రెండు నెలలకోసారి మార్పించేది నేనే. అయినా నాకు తట్టలేదు. పిల్ల నాకు గదిలో వస్తువులా కనిపించలేదు, అందుకని లెక్కలోకే రాలేదు.

లెక్కలోకి రాలేదనడం కూడా అబద్ధమే. మొదటి రోజు నుంచీ గ్రాఫులో ప్రతి పదినిమిషాలకీ ఒక గీత లేచేది. దానికి బిస్కెట్టుతో గానీ, తెరమీద ప్రకటనతో గానీ సంబంధం లేదు. ఏసీ చప్పుడు, పక్క గదిలో మిషన్ల అదురు లాంటి వాటివల్ల వచ్చే పనికిరాని గీతలకి మేం పరిసర శబ్దం అని పేరుపెట్టి లెక్కలోంచి తీసేస్తాం. పదమూడేళ్ళుగా అలవాటైన పని. దీన్ని కూడా తీసేశాను. నలభై రెండు రోజులు, సెలవులు అయిపోయేదాకా, రోజూ సాయంత్రం కూర్చుని శ్రద్ధగా తీసేశాను.

ఫలితాలు బ్రహ్మాండంగా వచ్చాయి. నాలుగు రుచులు, మూడు కవర్లు, రెండు ప్రకటనలు పరీక్షించాం. ఆ రెండు ప్రకటనల్లో ఒకటి అరవై ఏళ్ళ నాటిది. తల్లి బిడ్డ నోటికి బిస్కెట్టు అందిస్తుంది, వెనక కోకిల కూస్తుంది. ఎన్నిసార్లు కొత్తగా తీసినా మూలం అదే. మృదుల గీత ఆ ప్రకటన దగ్గర నేలకి దిగిపోయింది. తల్లీబిడ్డల ప్రకటనలకి ఇక కాలం చెల్లిందని నేను నివేదిక రాశాను. మంజీర గారు అది రెండుసార్లు చదివి, తల్లిని తీసేశారు. ఆ స్థానంలో స్కూటర్ ఆపి ఒంటరిగా రోడ్డు పక్కన బిస్కెట్టు తినే అమ్మాయి వచ్చింది. ప్యాకెట్ నాలుగు బిస్కెట్లకి కుదించారు, ఒక మనిషికి సరిపడా. అమ్మకాలు చాలా ఏళ్ళ తర్వాత పెరిగాయి. మూడు నెలల్లో నూనెలవాళ్ళు, సబ్బులవాళ్ళు, నూడుల్స్ వాళ్ళు కూడా తమ ప్రకటనల్లోంచి తల్లుల్ని తీసేయడం మొదలుపెట్టారు.

ఇంట్లో తేడాని ముందు పట్టింది తన్వి. పిల్లలకి క్లిప్పు అక్కర్లేదు. తను గీసిన బొమ్మ తెచ్చి అమ్మకి చూపించేది. మృదుల బాగుందని చెప్పేది. అదే బొమ్మ మళ్ళీ తెచ్చేది, ఈసారి కాస్త గట్టిగా పిలుస్తూ. మృదుల మళ్ళీ బాగుందనేది, అదే గొంతుతో. మూడోసారి పిల్ల బొమ్మని తల్లి ఒళ్ళో పెట్టి ముఖంలోకి చూస్తూ నిలబడేది. నేను పేపరు చదువుకుంటూ ఇదంతా చూసేవాణ్ణి. పిల్లకి మొండితనం ఎక్కువవుతోందని అనుకున్నాను.

అక్టోబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం పిల్ల నిద్రపోతున్నప్పుడు మృదుల నా ఎదురుగా వచ్చి కూర్చుంది. 

"దాన్ని చూస్తే నాకేం అనిపించట్లేదు," అంది. "కోపం కాదు, చిరాకూ కాదు. జడ వేస్తున్నాను, అన్నం పెడుతున్నాను, జ్వరమొస్తే పక్కన కూర్చుంటున్నాను. అన్నీ చేస్తున్నాను. లోపల మాత్రం ఏమీ లేదు. మొన్న బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చింది చూడు, ఎవరి పిల్లో వస్తోందనిపించింది."

నేనేదో సర్దిచెప్పబోయాను. అలసట అన్నాను, రక్తం తక్కువైందేమో అన్నాను. తను తల అడ్డంగా ఊపింది. నా మీద కూడా అలాగే ఉందా అని అడిగాను. నిజాయితీగా ఆలోచించింది. నా మీద మొదట్నుంచీ మరీ అంత ఎత్తున ఏమీ లేదు కాబట్టి పెద్దగా తేడా తెలియలేదని చెప్పింది. నవ్వించాలనే అంది, ఇద్దరికీ నవ్వు రాలేదు.

మర్నాడు ల్యాబుకి వెళ్ళి, నేను తీసేసిన గీతలన్నీ మళ్ళీ బయటికి తీశాను. తీసేసినవి మేం పారేయం, పక్కన పెడతాం. గదిలో కెమెరా రికార్డుతో గంటా నిమిషమూ కలిపి చూశాను. ప్రతి గీత దగ్గరా తన్వి ఉంది. చాప మీంచి లేచి, కాగితం పట్టుకుని, అమ్మా చూడు అంటూ. మొదటి రోజు గీత ఎంత ఎత్తుందంటే, మా కంపెనీ చరిత్రలో ఏ బిస్కెట్టుకీ, ఏ పాటకీ అంత ఎత్తు రాలేదు. పదో రోజుకి సగమైంది. ముప్పై మూడో రోజున చదునైంది. ఆ రోజు కెమెరాలో మృదుల కాగితం అందుకుని, చూసి, బల్ల మీద పెట్టి, ఇంకో బిస్కెట్టు తీసుకుంది.

నా కూతుర్ని నా చేత్తోనే రోజూ తీసేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ తెర ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు, నసీర్ వచ్చి లైటు వేసేదాకా గది చీకటిపడిందని గమనించలేదు.

జరిగింది మంజీర గారికీ, పై అధికారులకీ సమావేశంలో చెప్పాను. నా నివేదిక తప్పని కూడా చెప్పాను. ఆ ప్రకటన మీద మృదులకి విసుగు రాలేదు. తన పిల్ల మీద వచ్చిన విసుగు తెరమీద కనిపించే తల్లీబిడ్డలకి అంటుకుంది. తల్లీబిడ్డలతో జనం విసిగిపోయారనడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు.

 ఆ తర్వాత అమ్మకాల విభాగం ఆయన, ఈ చుక్కల్ని పోటీ కంపెనీ బిస్కెట్లలో కలపడం కుదురుతుందా అని అడిగాడు. సరదాకే అన్నాడు, కానీ జవాబు కోసం ఆగాడు. నసీర్ కుర్చీ వెనక్కి నెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాడు.

మంజీర గారు నన్ను తన గదికి తీసుకెళ్ళారు. ప్రకటన వెనక్కి తెస్తారా అని అడిగాను. తేలేమన్నారు. "అప్పుడు జనం విసిగారో లేదో తెలీదు మురహరీ. ఇప్పుడు నిజంగానే విసిగారు. అన్ని కంపెనీలూ తీసేశాక తల్లి కనబడితే పాతచింతకాయ పచ్చడిలా ఉందంటున్నారు. ఆ విసుగుని మనం కనిపెట్టలేదు, మనమే తెచ్చాం."

 ఆవిడ మనసు రాయి ఏమీ కాదు. మృదులకి ఇక చుక్కలు వేయకూడదనీ, ఇకపై పరీక్ష గదిలోకి రక్తసంబంధం ఉన్నవాళ్ళని రానివ్వకూడదనీ ఆ రోజే ఉత్తర్వు రాయించారు. ఆ తర్వాత, చాలా మొహమాటపడుతూ, తనకి తెలిసిన వైద్యం ఒకటే ఉందని చెప్పారు. జనానికి విసుగొచ్చిన సరుకుని బతికించాలంటే దాన్ని మార్కెట్లోంచి పూర్తిగా తీసేయాలి. ఎక్కడా కనబడనివ్వకూడదు. కొన్నాళ్ళయ్యాక కాస్త మార్చి మళ్ళీ తేవాలి. కొబ్బరి బిస్కెట్టుని ఆవిడ అలాగే తొమ్మిది నెలలు మాయం చేసి, కొత్త కవర్లో తెచ్చి నిలబెట్టారు. మనిషి సంగతిలో పనిచేస్తుందో లేదో తెలియదనీ, చెప్పకుండా ఉండలేక చెప్పాననీ అన్నారు.

నసీర్ వెళ్ళిపోయే ముందు అది కూడా పరీక్షించి ఇచ్చాడు. తనకి చప్పబడిన పాట వినడం అప్పట్నుంచే మానేశాడు, అది ఇంకొకరి గొంతులో విన్నప్పుడు ఉలికిపాటు తిరిగొచ్చిందట. ఎనిమిది నెలలు పట్టొచ్చన్నాడు. మధ్యలో ఒక్కసారి చూసినా, గొంతు విన్నా, లెక్క మొదటికొస్తుందన్నాడు.

నేనిదంతా మృదులకి వివరించాను. తను చివరిదాకా విని, తనే ఎక్కడికైనా వెళ్ళిపోతానంది. కానీ పొద్దున ఎనిమిదికి వెళ్ళి సాయంత్రం ఏడుకి వచ్చే నాతో పిల్ల ఎలా ఉంటుంది? చీరాలలో మా అక్క హైమవతి బళ్ళో లెక్కల టీచరు. బావ రైల్వేలో పనిచేస్తాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. వాళ్ళకి పిల్లలు లేరు. అక్కకి ఫోన్లో చెబితే సగం అర్థమైంది, సగం కాలేదు. అయినా మర్నాడే బయల్దేరి వచ్చింది.

మృదుల పిల్ల బట్టలన్నీ ఇస్త్రీ చేసి, ఏ గౌనుకి ఏ రిబ్బనో చీటీలు రాసి పెట్టింది. ఏ కూర తింటుందో, దేనికి కడుపునొప్పి వస్తుందో ఒక నోటుపుస్తకంలో రాసిచ్చింది. అంత బాగా ఏ తల్లీ రాయలేదేమో. ఆటో కదిలినప్పుడు తన్వి వెనక్కి తిరిగి ఏడ్చింది. మృదుల గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. లోపలికొచ్చాక తనకి సిగ్గుగా ఉందని నాతో అంది.

ఆ ఎనిమిది నెలల్లో కంపెనీ బాగా ఎదిగింది. చుక్కలు వేసుకునేవాళ్ళు ముప్పై మంది అయ్యారు, అందరూ వేరువేరు గదుల్లో. ఆర్నెల్లకోసారి మారే రుచులు నలభై రోజులకోసారి మారాయి. కొత్తది వచ్చేలోగానే జనం దాని తర్వాతది ఏమిటని అడిగేవాళ్ళు. నేను లెక్కలు చూస్తూనే ఉన్నాను. ఇప్పుడు పట్టింపుతో కాదు, అలవాటుతో.

మా ఇంట్లో పిల్ల ఫోటోలు అన్నీ పెట్టెలో పెట్టాం. నెలకోసారి నేను ఒక్కణ్ణే చీరాల వెళ్ళొచ్చేవాణ్ణి. వచ్చాక పిల్ల గురించి మృదులకి ఏమీ చెప్పకూడదని మా నియమం. మొదటి నాలుగు నెలలు నేను గుమ్మంలో అడుగు పెట్టగానే తన్వి నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసేది. అమ్మ ఎప్పుడొస్తుందని అడిగేది. ఐదో నెలలో అడగలేదు. ఆరో నెలలోనూ అడగలేదు. నాకు బరువు దిగినట్టయింది. పిల్ల చక్కగా సర్దుకుందని డైరీలో రాసుకున్నాను. ఇంత చదువుకున్నవాణ్ణి, ఒక మనిషిని ఇంకొకరి కంటికి దూరం చేస్తే ఆ దూరం రెండు వైపులా ఉంటుందని గ్రహించలేదు.

జూన్‌లో ఇద్దరం వెళ్ళాం. సాయంత్రం బండికి తిరుగు టికెట్లు మూడు తీసుకున్నాను. చీరాల స్టేషన్ నుంచి ఆటోలో వెళ్తున్నప్పుడు మృదుల ఒక్కటే అడిగింది: ఏమీ అనిపించకపోతే ఏం చేయాలని. క్లిప్పు తెచ్చానని చెప్పాను. వద్దంది.

తన్వి బయటి అరుగు మీద కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకుంటోంది. ఎండకి నల్లబడింది. జుట్టు మెడ దాకా కత్తిరించారు. ముందు పళ్ళు రెండు ఊడిపోయాయి. మమ్మల్ని చూసి లేచి, గౌను సర్దుకుని, లోపలికి తిరిగి అరిచింది: "అత్తా, మురహరి నాన్న వొచ్చాడు. ఇంకెవరో కూడా వొచ్చారు."

క్లిప్పు అక్కర్లేకపోయింది. మృదుల చెయ్యి నా చేతిని పట్టుకుంది. గోళ్ళు దిగాయి. తన ముఖంలో ఆ మొదటి రోజు గీత అంతా కనిపించింది. వైద్యం పనిచేసింది. నాకు ఒక్క క్షణం గర్వంగా అనిపించింది, ఆ గర్వాన్ని కూడా దాచకుండా చెబుతున్నాను.

మృదుల మోకాళ్ళ మీద కూర్చుని చేతులు చాపింది. తన్వి మర్యాదగా దగ్గరికి వచ్చింది, ముద్దు పెట్టించుకుంది, చెంప తుడుచుకోలేదు. మీ అమ్మ అని చెప్పాను. అవును తెలుసు అంది. లోపలికి వెళ్ళి అత్త నేర్పినట్టు ఇద్దరికీ గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఏం చదువుతున్నావంటే చెప్పింది. పన్ను ఎప్పుడు ఊడిందంటే చెప్పింది. మృదుల ప్రతి జవాబుకీ ఉలిక్కిపడుతూ, నవ్వుతూ, కళ్ళు తుడుచుకుంటూ వింటోంది. కాసేపటికి పిల్ల వంటింట్లోకి వెళ్ళింది. వంటిల్లు పక్కనే, తలుపు లేదు.

"అత్తా, వీళ్ళెప్పుడు ఎళ్తారు?"

అక్క దాని నోరు మూయించినట్టుంది. మృదుల కూర్చున్నచోటే కూర్చుంది. ఏడవలేదు. 

అన్నాలయ్యాక పిల్లని బావతో బజారుకి పంపి అక్క మా ముందు కూర్చుంది. పిల్ల మీదేననీ, తీసుకెళ్ళమనీ, నాలుగు రోజులు తన కోసం ఏడుస్తుందనీ, తర్వాత మరిచిపోతుందనీ చెప్పింది. ఆ చివరి మాట అనేటప్పుడు పమిట చెంగు వేలికి చుట్టుకుంది. నాకు మొత్తం పద్ధతి కళ్ళముందు కనబడింది. అక్క కంటికి కనబడకూడదు, ఫోన్లో గొంతు వినబడకూడదు, ఎనిమిది నెలలు. అప్పుడు పిల్ల పూర్తిగా మృదులదవుతుంది. అదంతా పైకే చెప్పి, తప్పకుండా పనిచేస్తుందన్నాను.

"ఎన్ని నెలలన్నావురా?" అంది అక్క. "సరే, అట్టాగే. నేను ఫోన్ చెయ్యనులే."

మృదుల తల ఎత్తింది. "వద్దొదినా. దాన్ని ఇంకెవరి దగ్గర్నుంచీ తీయొద్దు. ఒకసారి తీశాం, చాలు." ఆ తర్వాత నా వైపు తిరిగి, చాలా మామూలుగా చెప్పింది. "నా టికెట్టూ దానిదీ రద్దు చెయ్యి."

ఎన్నాళ్ళని అడిగాను. తెలియదంది. పిల్ల ఎప్పటికీ దగ్గరవకపోతే ఏం చేస్తావని అడిగాను, అంతకంటే తెలివితక్కువ ప్రశ్న నేను జీవితంలో అడగలేదు. అప్పుడు కూడా ఇక్కడే ఉంటానంది. నాకు భయం వేసింది. తనకోసం కాదు, నాకోసమే. హైదరాబాదులో ఆ ఇంట్లో ఒక్కణ్ణే ఎలా ఉండాలో నాకు తెలియదు.

సాయంత్రం నన్ను సాగనంపడానికి ముగ్గురూ స్టేషన్‌కి వచ్చారు. తన్వి అక్క చెయ్యి పట్టుకుని ఉంది. మృదుల వాళ్ళ పక్కనే, బారెడు దూరంలో నిలబడింది. బండి వచ్చింది. నేనెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. తన్వి నాకు చెయ్యి ఊపి, తర్వాత మృదులని కింద నుంచి పైదాకా చూసింది.

"మీరు ఎక్కలేదేంది? బండి పోద్ది."

"నేను ఎక్కనమ్మా. ఇక్కడే ఉంటా."

తన్వి కాసేపు ఆలోచించింది. ముఖంలో నిజమైన చింత కనిపించింది, ఇంటికి వచ్చిన చుట్టం గురించి పడే చింత. "మరి ఎక్కడ పడుకుంటారు? మా మంచం చిన్నది. నాకూ అత్తకే సరిపోద్ది."

"కింద పడుకుంటాలే," అంది మృదుల.

పిల్ల తల ఊపి, అత్త చెయ్యి ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. బండి కదిలింది.